ఎమ్మారైలో మార్పు లేదంటున్నారు, నాన్న వేళ్లు మాత్రం కదులుతున్నాయి: ఇంకో స్కాన్ తీయించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హిందూపురంలో ఉండే మీ నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగు నెలల కిందట ఎడమ మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. బెంగళూరు తీసుకొచ్చి మారతహళ్లిలో మీ దగ్గరే ఉంచుకున్నారు. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తున్నారు, కుడి చేతి వేళ్లు కొంచెం తెరుచుకుంటున్నాయి, నాలుగైదు మాటలు వస్తున్నాయి. పోయిన వారం తీయించిన రెండో ఎమ్మారైలో మాత్రం మునుపటితో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదని రాశారు. ఆ భాగం ఇక చచ్చిపోయినట్టేనా, అలాగైతే వేళ్లు ఎలా కదులుతున్నాయి, ఎవరో చెప్పిన ఫంక్షనల్ ఎమ్మారై (మెదడులో ఏ చోటు పనిచేస్తోందో చూపే స్కాన్) తీయిస్తే కుడి మెదడు పని అందుకుంటోందో లేదో తెలుస్తుందా అని అడిగారు.

నేను బెంగళూరులోనే ఎమ్మారై టెక్నాలజిస్టుగా పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. అందులో ఎనిమిదేళ్లు ఫంక్షనల్ స్కాన్లు తీసే యూనిట్‌లో ఉన్నాను. డాక్టర్ని కాను. మందుల విషయంలో మీ న్యూరాలజిస్టు మాటే వినండి. స్కాన్ ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు అన్నది మాత్రం గాజు అద్దం ఇవతల కూర్చుని రోజూ చూసిన పని కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడు ఫంక్షనల్ ఎమ్మారై తీయించకండి. ఆ డబ్బు ఫిజియోథెరపీకి, స్పీచ్ థెరపీకి పెట్టండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం విడమరచాలి. రిపోర్టులో ఆ ఒక్క లైను చదివి ఇళ్లలో ఆశ వదిలేసుకోవడం, దాంతో ఎక్సర్‌సైజులు ఆపేయడం నేను చాలాసార్లు చూశాను. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పక్షవాతం వచ్చిన రోజు ఎమ్మారై తీస్తే దానికి ఒక పని ఉంటుంది. రక్తం అందక కణాలు ఉబ్బిపోతే అక్కడ నీటి అణువుల కదలిక తగ్గిపోతుంది. ఎమ్మారైలోనే డిఫ్యూజన్ అనే పద్ధతిలో తీసిన బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. సీటీలో ఇంకా ఏమీ తెలియని సమయంలోనే, నిమిషాల్లోనే ఇందులో కనబడొచ్చు. దాన్ని బట్టి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చా, గజ్జల్లోంచి తీగ పంపి గడ్డను బయటికి లాగొచ్చా అని డాక్టర్లు చూస్తారు. ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటల గడువు. తీగతో లాగడానికి కొందరిలో 24 గంటల దాకా వీలుంటుంది. పెద్ద రక్తనాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు. అంత పరుగు అందుకే.

నాలుగు నెలల తర్వాత తీసే ఎమ్మారై సంగతి వేరు. ఈపాటికి చనిపోయిన కణాలను శరీరం ఊడ్చేసి ఉంటుంది. ఆ చోట నీరు నిండిన గుంట, దాని చుట్టూ మచ్చ మిగులుతాయి. మీ రిపోర్టులో ఎన్సెఫలోమలేషియా, గ్లయోసిస్ అనే మాటలు ఉండి ఉంటాయి, చూడండి, ఆ గుంటకి, మచ్చకి పెట్టిన పేర్లే అవి. ఆ గుంట పదేళ్ల తర్వాత తీసినా అక్కడే ఉంటుంది. మీ నాన్నగారు పూర్తిగా కోలుకుని హిందూపురం వీధుల్లో సైకిల్ తొక్కినా రిపోర్టులో అదే లైను వస్తుంది. మార్పు లేదంటే కొత్త దెబ్బ తగల్లేదు, పాతది పెరగలేదు అని అర్థం. అది మీరు సంతోషించాల్సిన లైను. రేడియాలజిస్టు మచ్చ గురించి రాశారు. మీ నాన్నగారి చేయి ఆయన చూడను కూడా లేదు.

పోయిన కణాలు తిరిగి రావు. ఈ విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. మరి వేళ్లు ఎలా కదిలాయి?

కొంత భాగం అసలు చావలేదు, పని మానేసి కూర్చుంది. సిల్క్‌బోర్డ్ జంక్షన్‌లో లారీ అడ్డంగా పడిపోయిన రోజు ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో సీట్లు ఖాళీగా ఉంటాయి కదా. ఆఫీసుకి ఏమీ కాలేదు, కరెంటుంది, కంప్యూటర్లున్నాయి, మనుషులు చేరలేదు అంతే. మెదడులోనూ దెబ్బ తగిలిన చోటు నుంచి సందేశాలు రాక, ఎక్కడో దూరాన ఉన్న మంచి భాగాలు కూడా మూగబోతాయి. స్విట్జర్లాండ్‌లో ఉండిన ఫాన్ మొనకోవ్ అనే నాడీ వైద్యుడు 1914లోనే దీన్ని ఊహించి డయాస్కిసిస్ అని పేరు పెట్టాడు. స్కాన్లు లేని కాలంలో, రోగుల్ని చూసి, ఆలోచించి చెప్పిన మాట అది. అది నిజమని కంటికి కనిపించడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. 1980 ప్రాంతంలో, కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కించి రక్తప్రసారం చూసే పెట్ స్కాన్లు వచ్చాక, పెద్ద మెదడులో ఎడమ వైపు దెబ్బ తగిలినవాళ్లకి వెనకాల కింద ఉండే చిన్న మెదడులో కుడి వైపు రక్తప్రసారం తగ్గడం ఫ్రాన్స్‌లో బరాన్ బృందం చూసింది. దెబ్బ ఒక మూల, మౌనం ఇంకో మూల. వారాలు గడిచేకొద్దీ ఇలా మూగబోయిన చోట్లలో కొన్ని మళ్లీ పనిలోకి వస్తాయి. మొదటి వారాల్లో మనిషి హఠాత్తుగా తేరుకున్నట్టు కనబడడానికి ఇది ఒక కారణం. వాపు తగ్గడం ఇంకో కారణం.

ఆ తర్వాత నెమ్మదిగా జరిగే పని దారులు మార్చుకోవడం. మీరు అడిగిన ఫంక్షనల్ ఎమ్మారై చూపించేది దీన్నే, అందుకే అదెలా పనిచేస్తుందో చెబుతాను. చాలామంది అది మెదడులో కరెంటును ఫొటో తీస్తుందనుకుంటారు. అది చూసేది రక్తాన్ని. ఒక చోట నాడీకణాలు పనిలో పడితే అక్కడికి రక్తం ఎక్కువగా పారుతుంది, అవసరానికి మించి పారుతుంది. ఒక మడికి నీళ్లు కావాలని తూము ఎత్తితే మడి తాగినదానికంటే ఎక్కువే వచ్చి గట్టు పక్కన నిలుస్తాయి చూడండి, అలాగ. రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అలా రక్తం ఎక్కువైతే అక్కడ ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ వాటా తగ్గుతుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్‌కి కొంచెం అయస్కాంత గుణం ఉంటుంది, ఉన్నదానికి ఉండదు. ఆ తేడాతో సిగ్నల్ కాస్త పెరుగుతుంది. 1990లో సేజీ ఒగావా అనే శాస్త్రవేత్త ఎలుకల్లో చూపించాడు, 1992కల్లా మనుషుల్లో చేశారు. పెరిగేది ఎంతనుకున్నారు? మామూలు మెషిన్లలో నూటికి ఒకటి నుంచి ఐదు వంతులు. అది కూడా వెంటనే రాదు, వేలు కదిపిన అయిదారు సెకన్లకి శిఖరానికి చేరుతుంది. అందుకే ఒక్కసారి కదిపితే చాలదు. అరనిమిషం కదపమంటాం, అరనిమిషం ఆపమంటాం, అలా మళ్లీ మళ్లీ. తర్వాత కంప్యూటర్ లెక్క వేసి, కదిపినప్పుడు పెరిగి ఆపినప్పుడు తగ్గిన చోట్లకి రంగు పూస్తుంది. మీరు ఇంటర్నెట్‌లో చూసే ఎర్రటి, పసుప్పచ్చటి మంటలు ఆ లెక్క వేసిన రంగులు. ఒక్కొక్క చుక్కలో లక్షల కణాలుంటాయి.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. మదనపల్లి వైపు మనిషి, టైలరు. మీ నాన్నగారిలాగే ఎడమ మెదడు, కుడి చేయి. ఒక రీసెర్చి స్టడీలో ఒప్పుకుని సంతకం పెట్టి వచ్చారు, పక్షవాతం వచ్చి అప్పటికి మూడు వారాలు. కుడి చేతిలో మెత్తని బంతి పెట్టి, బీప్ వినపడినప్పుడు పిసకండి, ఆగినప్పుడు వదలండి అని చెప్పాను. మెషిన్ మొదలైంది. అద్దంలోంచి చూస్తున్నాను. కుడి చేయి అతి కష్టం మీద ముడుచుకుంటోంది, దాంతో పాటు ఏమీ పట్టుకోని ఎడమ చేయి కూడా గట్టిగా పిడికిలి బిగుసుకుంటోంది. ఆయనకి తెలియనే తెలియదు. మెషిన్ ఆపి లోపలికి వెళ్లి, 'అయ్యా, ఎడమ చేయి కదపకండి' అన్నాను. 'కదపలేదు నాయనా' అన్నారు ఆయన, ఆ మాట కూడా ముద్దముద్దగా. అప్పుడు ఎడమ చేతిని చాపి కింద దిండు పెట్టి, అరచేతి మీద నా చేయి ఉంచి అక్కడే నిలబడ్డాను. కుడి చేయి బంతిని పిసికిన ప్రతిసారీ నా చేతి కింద ఆ ఎడమ చేయి చిన్నగా ఉలిక్కిపడింది. మెదడులో రెండు సగాలూ కలిసి ఒక్క చేతిని లేపడానికి తంటాలు పడుతున్నాయని అరచేతితో తెలుసుకున్నాను. తర్వాత స్క్రీన్ మీద చూస్తే అదే ఉంది. ఎడమ మెదడులో దెబ్బ పక్కన వెలుగు, కుడి మెదడులోనూ వెలుగు, చిన్న మెదడులో రెండు వైపులా వెలుగు. మామూలు మనిషికి ఈ పనికి ఇంత వెలగదు.

ఆరు నెలలకి ఆయన మళ్లీ వచ్చారు. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నానని చూపించారు. అదే బంతి, అదే బీప్. ఈసారి ఎడమ చేయి నిశ్శబ్దంగా పడుకుంది. స్క్రీన్ మీద వెలుగు బాగా తగ్గిపోయింది, చాలావరకు ఎడమ వైపునే ఒక చిన్న చోట మిగిలింది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి చూసి 'అయ్యో, యాక్టివిటీ తగ్గిపోయింది సార్' అని బాధపడింది. నేను ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పలక మీద మొదటిసారి అక్షరాలు దిద్దే పిల్లాణ్ణి చూడండి. నాలుక బయటపెడతాడు, భుజం బిగిస్తాడు, కాళ్లు కూడా ముడుచుకుంటాడు. ఒంట్లో సగం కండరాలు 'అ' రాయడానికే పనిచేస్తాయి. రెండేళ్లకి వేళ్లు మాత్రమే కదులుతాయి. వెలుగు తగ్గడం అదే. పని తెలిసిన చోటు పనిని చేతిలోకి తీసుకుంది, మిగతావాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1991లో లండన్‌లో పెట్ స్కాన్‌తో, కోలుకున్న రోగులు ఆ చేతి వేళ్లు కదిపితే మెదడు రెండు వైపులా పనిచేయడం మొదటిసారి చూశారు. 2003లో నిక్ వార్డ్ బృందం అక్కడే ఫంక్షనల్ ఎమ్మారైతో అవే మనుషుల్ని నెలల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేసింది. మొదట్లో అతిగా వెలగడం, చేయి బాగుపడేకొద్దీ ఆ వెలుగు తగ్గుతూ రావడం కనిపించింది. నెలలు గడిచినా రెండు వైపులా విపరీతంగా వెలుగుతూనే ఉన్నవాళ్లలో సాధారణంగా దెబ్బ ఎక్కువ, కోలుకోవడం తక్కువ.

కాబట్టి 'కుడి మెదడు పని అందుకుందా' అన్న మీ ప్రశ్నకి జవాబు మీరు ఊహించినట్టు ఉండదు. అందుకోవడమే గెలుపు అని లేదు. అన్నకి జ్వరం వస్తే తమ్ముడు దుకాణం తెరుస్తాడు, అది సాయం. అన్న లేచి వచ్చాక కూడా తమ్ముడు గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకపోతే అది ఇబ్బంది. మెదడు రెండు సగాల మధ్య కార్పస్ కలోసమ్ అనే వంతెన ఉంది, దాంట్లో సుమారు 20 కోట్ల నాడీ తీగలు. కుడి చేయి కదిపేటప్పుడు ఎడమ సగం ఆ వంతెన మీదుగా కుడి సగాన్ని కాస్త ఊరుకోబెడుతుంది. ఎడమ సగం దెబ్బ తింటే ఈ సమతూకం చెడుతుంది. కొందరిలో మంచి సగం దెబ్బతిన్న సగాన్ని అవసరానికి మించి నొక్కిపెడుతుందని 2004లో జరిగిన పరీక్షల్లో తేలింది. అలాగని అందరిలో తమ్ముణ్ణి తరిమెయ్యడమూ తప్పే. ఎడమ మెదడు నుంచి వెన్నులోకి దిగే ప్రధాన తీగల కట్ట పూర్తిగా తెగిపోయినవాళ్లకి కుడి సగం చేసే ఆ కాస్త సాయమే దిక్కు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మంచి సగాన్ని అయస్కాంత తరంగాలతో శాంతపరిస్తే చేయి బాగుపడుతుందని ఎవరైనా మీకు చెప్పొచ్చు. ఆలోచన అందంగా ఉంటుంది, నేనూ ఒకప్పుడు నమ్మాను. అమెరికాలో 199 మందితో చేసి 2018లో ప్రచురించిన నీష్ ట్రయల్‌లో నిజమైన చికిత్సకి, ఉత్తుత్తి చికిత్సకి తేడా కనబడలేదు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఎందుకంటే రెండు గుంపులకీ చేతికి మంచి శిక్షణ ఇచ్చారు. అలాగే దిగులుకి ఇచ్చే ఫ్లుయోక్సెటిన్ మాత్ర 2011లో చిన్న ట్రయల్‌లో చేతికి మేలు చేసినట్టు కనబడింది. మూడు వేలకు పైగా రోగులతో చేసిన ఫోకస్ ట్రయల్‌లో మేలు చేయలేదు, ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. మీ డాక్టరు దిగులు తగ్గడానికి ఇస్తే అది వేరే సంగతి, ఆపకండి.

మాట సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో చేయి గురించి ఎక్కువ, మాట గురించి ఒక్క లైనే ఉంది. నాకు మాట గురించే ఎక్కువ బెంగ. 2006లో జర్మనీలో డొరొథీ సౌర్ బృందం మాట పోయిన 14 మందిని మూడుసార్లు స్కాన్ చేసింది. మొదటి రెండు రోజుల్లో ఎడమ వైపు భాషా స్థానాలు దాదాపు చీకటిగా ఉన్నాయి. పన్నెండో రోజు ప్రాంతంలో రెండు వైపులా బాగా వెలిగాయి, ముఖ్యంగా కుడి వైపు. ఏడాదికి దగ్గరపడేసరికి వెలుగు మళ్లీ ఎడమ వైపుకే చేరింది, మాట అంతకంటే మెరుగైంది. చేతి కథే ఇక్కడా.

మీ నాన్నగారికి నాలుగైదు మాటలు వస్తున్నాయన్నారు. ఏ మాటలో గమనించండి. మా యూనిట్‌కి వచ్చిన ఒక అమ్మ మంచినీళ్ల గ్లాసు చూపిస్తే 'నీళ్లు' అనలేకపోయింది, పెదాలు వణికాయి, కన్నీళ్లు వచ్చాయి. 'ఆదివారం' అని నేను మొదలుపెడితే మాత్రం 'సోమవారం, మంగళవారం' అని శనివారం దాకా తడుముకోకుండా అంది. అంకెలు, వారాలు, రోజూ చదివిన స్తోత్రాలు, తిట్లు కూడా, అలవాటుగా వచ్చే మాటలు వేరే దారిలో వస్తాయి. ఇంట్లోవాళ్లు అది చూసి 'అన్నీ వచ్చు, కావాలనే మాట్లాడ్డం లేదు' అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. ఆ వచ్చే మాటల్ని పట్టుకునే స్పీచ్ థెరపిస్టు ముందుకి తీసుకెళతారు.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. థెరపిస్టు కన్నడంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతారు. మీ నాన్నగారు హిందూపురం మనిషి కాబట్టి కన్నడం కొంత వచ్చే ఉంటుంది. అయినా ఇంట్లో పుట్టిన మాట తెలుగే కదా. తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టు కావాలని గట్టిగా అడగండి, ఈ ఊళ్లో దొరుకుతారు. దొరక్కపోతే సెషన్‌లో మీరు పక్కన కూర్చుని బొమ్మల పేర్లు మీ ఇంట్లో ఎలా అంటారో అలా చెప్పండి. ఫంక్షనల్ స్కాన్ కోసం 'క'తో మొదలయ్యే మాటలు తలచుకోమన్నప్పుడు తెల్లముఖం వేసిన పల్లెటూరి మనుషులు, ఇంట్లో వండే కూరల పేర్లు తలచుకోమనగానే మెషిన్‌లో చక్కగా వెలిగారు. ప్రశ్న మన ఇంటి భాషలో, మన ఇంటి వస్తువులతో ఉండాలి.

రెండు భాషలు వచ్చిన సంగతి ఎత్తాను కాబట్టి మీకు నచ్చే ఒక విషయం. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారు, తర్వాత ఇక్కడ నిమ్హాన్స్‌కి వచ్చారు, హైదరాబాదు నిమ్స్‌లో ఉండగా పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలు చూసి 2016లో ప్రచురించారు. రెండు భాషలు వాడేవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకశక్తి మామూలుగా నిలిచాయి. ఒక్క భాష వాళ్లలో 19.6 శాతం మందికే. మాట పోవడం మాత్రం రెండు గుంపుల్లో ఇంచుమించు సమానమే. అంటే కన్నడం రావడం మాటని కాపాడకపోవచ్చు గానీ, ఆయన తెలివికి అది అండగా ఉండే అవకాశం ఉంది. ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయనుకునే మాట్లాడండి. ఆయన ఎదురుగా ఖర్చుల గురించి, ఇక లాభం లేదన్న మాటలు వద్దు.

మరి ఫంక్షనల్ ఎమ్మారై ఎందుకు వద్దంటున్నాను? అది గుంపుల్ని పోల్చి నేర్చుకోవడానికి గొప్ప పనిముట్టు. ట్యూమర్, మూర్ఛ ఆపరేషన్ల ముందు మాట, చేయి ఎక్కడున్నాయో చూసుకోవడానికీ పనికొస్తుంది. ఒక్క రోగి మంచం దగ్గర, ఈయన కోలుకుంటాడా అన్న ప్రశ్నకి అది నమ్మకమైన జవాబు ఇవ్వదు. ముందే చెప్పాను, అది చూసేది రక్తాన్ని. మెడలో రక్తనాళం ఇరుకైనవాళ్లకి కణాలు పనిచేసినా రక్తం ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి సిగ్నల్ తలకిందులు కూడా అవుతుంది. అప్పుడు స్క్రీన్ మీద చీకటి కనబడుతుంది, చూసినవాళ్లు అక్కడ ఏమీ లేదనుకుంటారు. పైగా నీరసంగా ఉన్న చేతిని లేపాలని మనిషి బిగబడితే తల కదులుతుంది, రెండు మూడు మిల్లీమీటర్లు కదిలినా బొమ్మంతా పాడవుతుంది. బంతి పిసకలేకపోతే ఏం కొలుస్తాం? చెప్పింది అర్థం కాకపోతే ఏం కొలుస్తాం? ఈ ఇబ్బందులన్నీ మీ నాన్నగారి లాంటివాళ్లకే ఎక్కువ.

దానికంటే చవకైన, నమ్మకమైన పరీక్ష మీ ఇంట్లోనే ఉంది. నెదర్లాండ్స్‌లో 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పక్షవాతం వచ్చిన 72 గంటల్లోపు వేళ్లు కాస్తయినా చాపగలిగి, భుజం పక్కకి ఎత్తగలిగినవాళ్లలో 98 శాతం మందికి ఆరు నెలలకి చేతికి కొంత పనితనం వచ్చింది. ఆ రెండూ చేయలేనివాళ్లలో 25 శాతం మందికే. ఆ అంకెలు మొదటి మూడు రోజులవి, నాలుగు నెలల మనిషికి అలాగే అతికించకండి. నేను చెప్పేది ఇది: వేళ్లు ముడవడం కంటే తెరవడం కష్టం. ఆ కాస్త తెరుచుకుంటున్నాయంటే మెదడు నుంచి చేతికి నాడీ తీగ కొంత మిగిలి ఉంది. మీరు స్కాన్‌లో వెతకాలనుకున్నది ఆయన చేతిలో కనబడుతోంది.

ఇది నా సొంత బాధ కూడా. 2013లో మా పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. అప్పటికి నేను ఈ పనిలోనే ఉన్నాను, అయినా ఊళ్లో మావాళ్లని ఆపలేకపోయాను. ఒక స్కాన్ సెంటర్‌లో మెదడు ఎంత కోలుకుందో తేల్చేస్తామని చెప్పి రెండు నెలల్లో మూడు స్కాన్లు తీశారు. మూడింటిలోనూ మార్పు లేదనే వచ్చింది. మధ్యలో ఎవరో చెప్పారని పసరు పోయించడానికి ఇంకో ఊరు తిప్పారు. ఆ రెండు నెలలూ చేతికి ఎక్సర్‌సైజు లేదు. నేను సెలవు పెట్టి వెళ్లేసరికి మోచేయి ముడుచుకుపోయి, పిడికిలి బిగుసుకుపోయి, అరచేతిలో గోళ్లు గుచ్చుకుని పుండు పడి ఉంది. పిడికిలి మెల్లగా విప్పి కడిగింది నేనే. ఆ చేయి మళ్లీ తెరుచుకోలేదు. మీరు ఇంకో స్కాన్ తీయించాలా అని అడిగినప్పుడు నాకు ఆ చేయే గుర్తొచ్చింది.

ఎక్సర్‌సైజు వల్ల మెదడులో నిజంగా దారులు మారతాయా అంటే, మారతాయి. 1996లో అమెరికాలో రాండల్ఫ్ నూడో కోతుల్లో చేతికి సంబంధించిన మెదడు భాగంలో కొంచెం దెబ్బతీసి చూశాడు. శిక్షణ ఇవ్వని కోతుల్లో దెబ్బ పక్కన మిగిలిన మంచి చేతి స్థానం కూడా వాడక లేక కుదించుకుపోయింది. ఆ చేత్తోనే మేత తీసుకునేలా రోజూ చేయించిన కోతుల్లో అది నిలబడింది, కొన్నింటిలో మోచేయి, భుజం స్థానాల్లోకి కూడా విస్తరించింది. వాడకపోతే మిగిలింది కూడా పోతుంది అన్న సంగతి ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టింది.

ఎప్పుడు ఎక్కువ లాభం అన్నదానికి 2021లో డ్రొమెరిక్ బృందం ఇచ్చిన జవాబుంది. మామూలు థెరపీకి తోడు చేతికి అదనంగా 20 గంటల శిక్షణ వేర్వేరు సమయాల్లో ఇచ్చి చూస్తే, రెండు మూడు నెలల మధ్య ఇచ్చినవాళ్లకి అందరికంటే మేలు జరిగింది. మీకు నాలుగు నెలలు దాటాయి, కంగారు పడకండి. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్ మూడు నుంచి తొమ్మిది నెలల మధ్య ఉన్న 222 మందితో చేసింది. మంచి చేతికి రెండు వారాల పాటు మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు గ్లౌజు తొడిగి, నీరసమైన చేత్తోనే పనులు చేయించారు. చేయి బాగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ లాభం నిలిచింది. దీనికి మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా పైకి తెరుచుకోవాలి. మీ నాన్నగారికి ఆ అర్హత ఉండొచ్చు, మీ ఫిజియోథెరపిస్టుని ఇదే మాట అడగండి. సొంతంగా మొదలుపెట్టకండి, ముఖ్యంగా ఎడమ చేత్తో కర్ర పట్టుకుని నడుస్తుంటే ఆ చేతిని కట్టేస్తే పడిపోతారు.

ఇంట్లో చేయించేటప్పుడు బంతి పిసికించడం ఒక్కటే పెట్టుకోకండి. బంతి ముడవడం నేర్పుతుంది, మనకి కావాల్సింది తెరవడం. స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టి, చేయి తెరిచి పట్టుకుని, ఒక జానెడు పక్కకి జరిపి వదలమనండి. వదలడమే అసలు పరీక్ష. వేరుశనక్కాయలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయించండి. ఆయన వ్యవసాయం చేసిన మనిషైతే ఆ చేతికి శనక్కాయ గుర్తుంటుంది. పదిసార్లు చాలదు, రోజుకి వందల్లో జరగాలి, అలసిపోతే ఆపి మళ్లీ. లేపేటప్పుడు ఆ చేయి పట్టుకుని లాగకండి, భుజం జారుతుంది, ఆ నొప్పితో ఎక్సర్‌సైజే మానేస్తారు. నడుము దగ్గర పట్టుకోండి.

ఎమ్మారై మళ్లీ ఎప్పుడు కావాలంటే, కొత్తగా మూతి వంకర పోయినా, కొత్తగా చేయి కాలు బలహీనపడినా, మాట హఠాత్తుగా ఇంకా తగ్గినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడుకుండిపోయినా. అప్పుడు అపాయింట్‌మెంట్లు చూడకుండా 108కి ఫోన్ చేసి, పక్షవాతానికి ఎమర్జెన్సీ చికిత్స చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయన చివరిసారి మామూలుగా కనబడిన టైం రాసుకోండి, నాలుగున్నర గంటల లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. రీసెర్చి కోసం ఎవరైనా పెద్ద సంస్థ ఉచితంగా ఫంక్షనల్ స్కాన్ చేస్తామని పిలిస్తే, ఓపిక ఉంటే వెళ్లండి. మనకి ఈ సంగతులన్నీ తెలిసింది అలా వచ్చి పడుకున్నవాళ్ల వల్లే. ఆ ఫలితంతో మీ నాన్నగారి చికిత్స మారుతుందని మాత్రం అనుకోవద్దు.

ఈరోజే ఒక పని చేయండి. నాన్నగారిని బల్ల ముందు కూర్చోబెట్టి, స్టీలు గ్లాసు పెట్టి, చేయి ఎంత తెరుచుకుంటుందో తేదీ చెబుతూ ఫోన్‌లో వీడియో తీయండి. వచ్చే నెల అదే తారీఖున, అదే కుర్చీలో, అదే గ్లాసుతో మళ్లీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫిజియోథెరపిస్టుకి చూపించండి, నాన్నగారికి కూడా చూపించండి.